పుట్టింటి పేరు రాసుకున్న దేశంలో

పోయినేడు మా మరిది పెళ్ళికి కిల్ట్ (ఇక్కడి మగవాళ్ళు మోకాళ్ళదాకా కట్టుకునే గళ్ళ గుడ్డ) కుట్టించాలని అతనూ, మా అత్తగారూ, నేనూ స్కాట్లాండ్‌లోని డండీలో ఒక దుకాణానికి వెళ్ళాం. కౌంటర్ దగ్గరున్నాయన ఇంటిపేరు అడిగాడు. అంచులు నలిగిన లావుపాటి పుస్తకం ఒకటి తిరగేసి, రెండు నిమిషాల్లో లోపల్నించి గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు. ముదురాకుపచ్చ, నీలం గళ్ళు, మధ్యలో సన్నటి ఎర్ర గీత. "ఇదండీ మీ వంశానిది" అన్నాడు. మరిది ముఖం వెలిగిపోయింది.

మా అత్తగారు ఆ గుడ్డని వేళ్ళతో తడిమి చూస్తూ "మరి నాది?" అన్నారు.

"ఇదే కదండీ మీది కూడా."

"కాదు, నేను పుట్టినప్పటి పేరుది."

ఆయన ఆ పేరు కనుక్కుని మళ్ళీ పుస్తకం తిరగేశాడు. లేదు. ఏదో పెద్ద క్లాన్ (ఒక నాయకుడి కింద ఉండే వంశం) పేరు చెప్పి, మీ పేరు వాళ్ళ కిందకి వస్తుందని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు అన్నాడు. "వద్దులెండి" అని ఆవిడ పక్కకి వచ్చేశారు. తిరిగొస్తుంటే కారులో అన్నారు: "మా అమ్మ తెలుసు, అమ్మమ్మ తెలుసు. అమ్మమ్మకి అమ్మ ఎవరో నాకు తెలీదు. డెబ్బై ఆరేళ్ళొచ్చాయి, ఒక్కసారీ అడగలేదు."

అప్పట్నించీ శనివారం సాయంత్రాలు మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం వెతుకుతున్నాం. ఈ ఏడాదిలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. స్కాట్లాండ్‌లో పూర్వీకుల కోసం వెతికేవాళ్ళు చాలామంది ఇంటిపేరు పట్టుకుని తండ్రి, తాత, ముత్తాత దారిన పోతారు. ఆ దారి చివర ఒక క్లాన్, ఒక కోట, టార్టన్ అనే ఆ గళ్ళ గుడ్డ ఒకటి దొరుకుతాయని ఆశ. ఈ దేశపు రికార్డుల్లో నిజంగా అపురూపమైనది తల్లి దారి. దాన్ని పట్టుకుని ఎక్కడానికి ఇక్కడున్నంత వీలు నాకు తెలిసి ఇంకోచోట లేదు, అయినా ఆ దారిన నడిచేవాళ్ళు తక్కువ. ఎందుకలా అనుకుంటున్నానో, ఎక్కడ నాకే అనుమానమొస్తుందో రెండూ రాస్తాను.

ఎం.ఎస్. అనే రెండక్షరాలు

స్కాట్లాండ్‌లో జనన, మరణ, వివాహాల రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది. ఇంగ్లండ్‌లో 1837 నుంచే ఉంది. ఆలస్యంగా మొదలుపెట్టినా వీళ్ళు ఫారాన్ని శ్రద్ధగా తయారుచేశారు. ఎవరైనా చనిపోతే ఆ పత్రంలో వాళ్ళ తండ్రి పేరుతోపాటు తల్లి పేరు, ఆ పక్కన ఎం.ఎస్. అని రాసి తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఆ కాలపు ఇంగ్లండ్ మరణ పత్రంలో పెద్దవాళ్ళ తల్లిదండ్రుల ఊసే ఉండదు. ఇక్కడి పెళ్ళి పత్రంలో పెళ్ళికూతురి తల్లీ, పెళ్ళికొడుకు తల్లీ ఇద్దరూ పుట్టింటి పేర్లతో ఉంటారు. 1861 నుంచి పిల్లల జనన పత్రంలో అమ్మానాన్నల పెళ్ళి ఎక్కడ, ఏ తారీఖున అయిందో కూడా రాశారు. అంటే ఒక కాగితం చేతికొస్తే, దాని పై తరం కాగితానికి దారి అందులోనే ఉంటుంది.

మొదటి ఏడాది, 1855లో, ఇంకా ఎక్కువ అడిగారు. బిడ్డ పుడితే అమ్మానాన్నల వయసులు, వాళ్ళు పుట్టిన ఊళ్ళు, అంతకుముందు ఎంతమంది పిల్లలు, వాళ్ళలో ఎందరున్నారు, ఎందరు పోయారు. మనిషి పోతే పిల్లలందరి పేర్లూ వయసులూ వరసగా, ఏ శ్మశానంలో పూడ్చారో దాంతో సహా. రాయలేక రిజిస్ట్రార్లు చేతులెత్తేస్తే మరుసటి ఏడాదే తగ్గించారు. అందుకే వెతికేవాళ్ళు తమ ముసలవ్వ 1855లో పోయి ఉంటే అదృష్టమనుకుంటారు. వినడానికి ఎలాగో ఉంటుంది కానీ నిజం.

చట్టం వచ్చాక పుట్టిన అలవాటు కాదిది. డండీ ఊరి నడిబొడ్డున హౌఫ్ అని పాత శ్మశానం ఉంది. మేరీ రాణి 1564లో ఊరికిచ్చిన స్థలం. మధ్యాహ్నం పూట ఆఫీసు వాళ్ళు అక్కడ కూర్చుని శాండ్‌విచ్ తింటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రాళ్ళ మీద భార్యాభర్తల పేర్లు చదువుతుంటే ఇద్దరివీ వేరువేరు ఇంటిపేర్లు. వీళ్ళు పెళ్ళి చేసుకోలేదేమో అనుకున్నాను. అత్తగారు చెప్పారు, ఇక్కడ ఆడవాళ్ళు రాతి మీద, కాగితం మీద పుట్టింటి పేరుతోనే ఉండేవాళ్ళని. ఊళ్ళో ఫలానావారి భార్య అని పిలిచినా, చివరికి రాసేటప్పుడు సొంత పేరే రాసేవాళ్ళట.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. "అమ్మా, అమ్మమ్మ పుట్టింటి పేరేంటి?" వెంటనే చెప్పింది. "అమ్మమ్మ వాళ్ళమ్మది?" కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాళ్ళది రేపల్లె అవతల ఏదో ఊరే. పేరు... పెద్దమామయ్యనడగాలి." పెద్దమామయ్యకీ తెలీదు. ఆయన మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు ఆవిడ పేరు ఏటా పలుకుతాడు, భర్త గోత్రంతో కలిపి. పేరు నిలిచింది. ఆవిడ ఎవరి కూతురో నిలవలేదు. పసుపు కుంకుమ కింద ఆవిడకి వాళ్ళ నాన్న రాసిచ్చిన ఎకరం పొలం దస్తావేజు ఇంట్లో ఎక్కడో ఉండాలని, ట్రంకు పెట్టెలో వెతుకుతానని అమ్మ అంది. ఇంకా దొరకలేదు.

నిశానీ

మాకు దొరికినవాళ్ళని మేం పేర్లతో పిలవం. పిలిస్తే కుదరదు కూడా. ఇక్కడ పాతకాలంలో పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు, పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. మనకి కొత్తేం కాదు. తరం విడిచి తరం అదే పేరు తిరిగొస్తుంటే ఎవరి గురించి మాట్లాడుతున్నామో మాకే తెలిసేది కాదు. అందుకని పుట్టిన సంవత్సరంతో పిలుచుకుంటాం. అత్తగారి అమ్మమ్మ తొంభై మూడు. ఆవిడ తల్లి అరవై ఎనిమిది. ఆ పైన నలభై ఒకటి.

స్కాట్లాండ్స్‌పీపుల్ అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. పేర్ల సూచిక వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ చూడాలంటే, మేం చూసినప్పుడు, 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. 1868లో డండీలో పుట్టిన ఆ పిల్ల జనన పత్రం తెరిచాం. పుట్టిన గంట కూడా రాసి ఉంది, తెల్లవారుజామున నాలుగున్నర. ఇంటి సందు పేరుంది. తల్లిదండ్రుల పెళ్ళి 1866లో డండీలోనే. చివరి గడిలో, ఈ వివరాలు చెప్పిందెవరో సంతకం పెట్టేచోట, ఒక పెద్ద ఇంటూ గుర్తు. దాని చుట్టూ రిజిస్ట్రార్ గుండ్రటి దస్తూరీలో తల్లి పేరు, 'ఆమె గుర్తు' అన్న మాట. మన పాత దస్తావేజుల్లో నిశానీ అంటారే, అది. ఆ గీతల్లో ఒకటి మొదట్లో సన్నగా, చివర లావుగా ఉంది. కలం పట్టే అలవాటు లేని చెయ్యి గట్టిగా నొక్కేసింది.

తర్వాత 1893 పత్రం తెరిచాం. ఆ పుట్టిన పాపే పెద్దదై, తన కూతురి పుట్టుక చెప్పడానికి వచ్చింది. చివరి గడిలో సంతకం ఉంది. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని, కాస్త పక్కకి వాలి, కానీ పూర్తి పేరు. అత్తగారు తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

మధ్యలో జరిగింది 1872 విద్యా చట్టం. 5 నుంచి 13 ఏళ్ళ పిల్లలందరూ బడికి పోవాలని పెట్టారు. మరుసటి ఏడాదే మా అరవై ఎనిమిదికి ఆ వయసొచ్చింది. డండీలో పిల్లలు సగం రోజు మిల్లు, సగం రోజు బడి. హాఫ్ టైమర్లనేవాళ్ళు. బెంగాల్ జనపనార ఓడల్లో వచ్చి ఇక్కడ గోనె అయ్యేది, ఆ మిల్లుల్లో పనివాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే. పనిలేని మగవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని కెటిల్ బాయిలర్లు, టీ నీళ్ళు కాచేవాళ్ళు అని ఊరంతా పిలిచేది. 1866 పెళ్ళి పత్రంలో మా నలభై ఒకటి వృత్తి పవర్‌లూమ్ నేతపని అని ఉంది.

ఇంటిపేరు దారిన పోయుంటే ఈ రెండు సంతకాల గడులు మాకు పక్కపక్కన కనబడేవి కాదు. తల్లి, ఆమె కూతురు. ఒకరిది గుర్తు, ఒకరిది పేరు. మగవాళ్ళ వరసలో కూడా చదువు వచ్చిన మొదటి తరం ఉంటుంది, కాదనను. కానీ ఇంట్లో అమ్మకి సంతకం రావడం ఎంత పెద్ద మార్పో మన ఇళ్ళల్లో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

కులోడెన్ గురించి ఒకాయన చెప్పిన మాట

ఎడిన్‌బరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర రిజిస్టర్ హౌస్ ఉంది. రోజుకి ఇంతని కడితే కూర్చుని ఎన్ని పేజీలైనా చూడొచ్చు. నేను వెళ్ళినప్పుడు 15 పౌండ్లు. పక్కనే న్యూ రిజిస్టర్ హౌస్ గుమ్మటం కింద అంతస్తులు అంతస్తులుగా అసలు సంపుటాలు. జననాలకి ఎర్ర అట్టలు, మరణాలకి నల్లవి, పెళ్ళిళ్ళకి ఆకుపచ్చవి.

అక్కడ కెనడా నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో మాటలు కలిశాయి. టార్టన్ల మీద నా అభిప్రాయం కాస్త దురుసుగానే చెప్పాను. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు కదా ఈ మోజంతా పెరిగింది, ఇంటిపేరుకో గళ్ళు అన్నది చాలావరకు ఆ శతాబ్దంలో తయారైంది, 1842లో ఇద్దరు అన్నదమ్ములు పురాతన ప్రతి అని చెప్పి అచ్చేసిన టార్టన్ల పుస్తకం కల్పితమని తేలింది, ఇవాళ ఎవరైనా కొత్త టార్టన్ గీసి రిజిస్టర్ చేయించుకోవచ్చు అన్నాను. క్లాన్ నాయకుడి నేల మీద బతికినవాళ్ళు ఆయన పేరు తగిలించుకోవడం మామూలే కాబట్టి, ఒకే పేరున్నంత మాత్రాన ఒకే రక్తం కాదని కూడా అన్నాను.

ఆయన శాంతంగా విన్నాడు. "మా వాళ్ళు ఉత్తరాన హైలాండ్స్ కొండల పడమటి తీరం నుంచి వెళ్ళగొట్టబడ్డారు. మా పారిష్‌లో, అంటే మా చర్చి కిందికి వచ్చే ఊళ్ళల్లో, రిజిస్టరు 1800 దాటాకే మొదలైంది. అప్పటికే మావాళ్ళు ఓడెక్కేశారు. మాకు కాగితం లేదు. కులోడెన్‌కి పోతే రాయి మీద మా పేరుంది. మాకున్నది అదొక్కటే" అన్నాడు.

కులోడెన్ అంటే హైలాండ్స్ క్లాన్లు ఓడిపోయిన యుద్ధభూమి. ఆ రాళ్ళు యుద్ధం జరిగిన 1746లో పెట్టినవి కావు, 1881లో పెట్టినవి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆయనకి తెలియక కాదు. గుట్టలుగా కాగితాలున్న డండీ, ఆంగస్ వైపు నుంచి మాట్లాడుతున్నాను నేను. తల్లి దారి ఎక్కండి అని చెప్పడం, ఎక్కడానికి మెట్లున్నవాళ్ళకే చెల్లుతుంది. గేలిక్ భాష మాట్లాడే హైలాండ్స్ ఊళ్ళల్లో కాగితం ఆలస్యంగా వచ్చింది. అసలు 1855కి ముందు ఎక్కడైనా పాత పారిష్ రిజిస్టర్ల మీదే ఆధారపడాలి. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లో ఎరల్ ఊరిది, 1553 నాటిది. కానీ చాలా ఊళ్ళల్లో అవి చిరుగులు, ఖాళీలు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకి 3 పెన్నీల పన్ను వేశారు, బీదవాళ్ళు చెప్పుకోవడమే మానేశారు. కొందరు క్లర్కులు బాప్తిజం రాస్తూ తండ్రి పేరు రాసి తల్లిని వదిలేశారు. కాబట్టి నేను మెచ్చుకుంటున్న ఏర్పాటుకి కచ్చితమైన పుట్టినరోజు ఉంది, దాని వెనక ఇక్కడా చాలా చీకటే. ఆ పెద్దాయన వల్ల నా అభిప్రాయం మారలేదు, కానీ దాన్ని అందరి మీదా రుద్దడం మానుకున్నాను.

పదకొండు చెట్లలో ఒకే తప్పు

మా నలభై ఒకటి 1911లో డండీలో పోయింది. మరణ పత్రంలో తండ్రి, తల్లి ఇద్దరి పేర్లూ స్పష్టంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఇతరులు కట్టుకున్న వంశవృక్షాల్లో ఆవిడ కనబడితే చూశాను. పదకొండు చెట్లలో ఉంది, పదకొండింటిలోనూ ఆ ఇద్దరే అమ్మానాన్నలు. 1841 జనాభా లెక్కల్లో కూడా ఆంగస్‌లో బ్రీఖిన్‌కి దగ్గర పల్లెలో అదే దంపతుల ఇంట్లో మూడు నెలల పాపగా ఉంది. ఇంకేం కావాలి? నేను కూడా రాసేసుకోబోయాను.

అత్తగారే ఆపారు. "ఇది చెప్పిందెవరు?" అన్నారు. చూస్తే అల్లుడు. చనిపోయినప్పుడు పక్కనే ఉన్నాడని రాసుంది. డెబ్బై ఏళ్ళ కింద ఆంగస్ పల్లెలో ఎవరికి ఎవరు పుట్టారో అతనికెలా తెలుస్తుంది? సరే, ఆవిడ తన నోటితో చెప్పిన కాగితం చూద్దామని 1866 పెళ్ళి పత్రం తెరిచాం. అందులో తల్లి వేరు. ఆ దంపతుల ఇంటిపేరే ఉన్న ఇంకో ఆడమనిషి. తండ్రి ఇంకెవరో నాగలి దున్నే పాలేరు, పేరు పక్కన 'కీర్తిశేషుడు' అన్న అర్థంలో మాట.

1841 లెక్కల్లో ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారో రాయలేదు. పదిహేను దాటినవాళ్ళ వయసు కూడా ఐదుకి కుదించి రాశారు, నలభై ఎనిమిదైనా నలభై ఐదే. అందుకే ఆ ఇల్లాలికి ఆ పాప కూతురిలాగే కనబడింది. 1851 లెక్కల్లో బంధుత్వం రాయడం మొదలుపెట్టారు. అక్కడ పదేళ్ళ పిల్ల ఎదురుగా ఉన్న మాట మనవరాలు.

పెంచింది అమ్మమ్మ. అల్లుడు అబద్ధమాడలేదు, ఇంట్లో విన్నది చెప్పాడు. కానీ ఆ ఒక్క గడి వల్ల మధ్యలో ఒక మనిషి మొత్తానికి మాయమైంది. పదకొండు చెట్లు ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టి ఆ మాయం కావడాన్ని గట్టి చేశాయి. తండ్రి దారిన వెతికేవాళ్ళకి ఇది పట్టదు కూడా, ఎందుకంటే వాళ్ళకి ఆ ఇంటిపేరు సరిపోతోంది, తాతే తండ్రయినా చెట్టు అందంగానే ఉంది. తల్లుల్ని వరసలో పేర్చాలనుకున్నప్పుడే ఆ ఖాళీ కనబడింది.

సెషన్ పుస్తకం

మరి ఆ తల్లి ఎవరు? జవాబు చర్చి లెక్కల్లో దొరికింది. ప్రతి పారిష్‌లోనూ పాస్టరు, ఊరి పెద్దలు కలిసి కిర్క్ సెషన్ అని కూర్చునేవాళ్ళు. బీదలకి డబ్బు పంచడం, బడి చూసుకోవడం, నడవడిక తప్పినవాళ్ళని విచారించడం వాళ్ళ పని. కవి రాబర్ట్ బర్న్స్ అంతటివాడిని 1786లో మాఖ్లిన్ చర్చిలో జనం ముందు నిలబెట్టి మందలించారు. ఆ మినిట్స్ పుస్తకాలు 2021 నుంచి ఇంటర్నెట్‌లో చూడ్డానికి పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. పేర్ల సూచిక లేదు, పేజీ పేజీ చదవాల్సిందే. మాకు మూడు శనివారాలు పట్టింది.

1841 ఏప్రిల్. పెళ్ళికాని పాలేరు పిల్ల 'కంపియర్డ్' అని ఉంది, అంటే పిలిస్తే వచ్చి నిలబడిందని. మార్చిలో ఆడపిల్లని కన్నానని ఒప్పుకుంది. తండ్రెవరని అడిగారు. ఫలానా పొలంలో నాగలి దున్నే అతనని చెప్పింది. ఎప్పుడు, ఎక్కడ అని అడిగారు. అదీ చెప్పింది. అతన్ని పిలిపించాలని తీర్మానించారు. మేలో ఆర్నెల్ల కూలి ఒప్పందం తీరే రోజు వస్తుంది, పాలేర్లు సంతకి పోయి కొత్త యజమానిని వెతుక్కుంటారు. అతను పక్క పారిష్‌కి పోయాడు. ఆ సెషన్‌కి ఉత్తరం రాశారు. ఆగస్టులో వచ్చి ఒప్పుకున్నాడు. ఇద్దర్నీ వేరువేరుగా మందలించి, క్షమించి, చర్చిలోకి తిరిగి చేర్చుకున్నారు. పాపకి బాప్తిజం సెప్టెంబరులో, పుట్టిన ఆర్నెల్లకి. ఆ జూన్ లెక్కల్లో తల్లి ఇంకో ఊళ్ళో ఒక పొలంలో పనిమనిషిగా ఉంది, పాప అమ్మమ్మ దగ్గర.

ఈ పేజీల దగ్గర నాకు చాలా ఇబ్బంది కలిగింది, ఇప్పటికీ పోలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. చుట్టూ మగవాళ్ళు, వాళ్ళలో ఒకరి పొలంలో బహుశా వాళ్ళ నాన్న పని చేస్తుండొచ్చు. ఆవిణ్ణి నిలబెట్టి అడిగిన ప్రశ్నలే ఇవాళ మాకు ఆధారం. ఆవిడ అవమానం పడింది కాబట్టే మాకు తెలిసింది. పెళ్ళి చేసుకుని, ఎవరి నోటా పడకుండా బతికుంటే 1855కి ముందు ఆవిడ గురించి రెండు వాక్యాలు కూడా ఉండేవి కావు. ఆడవాళ్ళ పేర్లు నిలుపుకున్న దేశమని నేను మెచ్చుకున్నాను కదా, ఆ పేరు నిలిపిన కలం ఇలాంటిది కూడా. రెండూ ఒకే దేశం.

అత్తగారి అన్నయ్యకి ఫోన్‌లో చెబితే ఆయనకి నచ్చలేదు. ఎప్పుడో మానిన పుండుని గెలకడం దేనికి, పిల్లలకి ఇది చెప్పుకుంటామా అన్నాడు. ఆ మాట కొట్టిపారేయలేను. చనిపోయినవాళ్ళు అనుమతి ఇవ్వలేరు. అత్తగారు కాసేపు విని, "ఆవిడ దాచలేదన్నయ్యా. అంతమంది ముందు నిలబడి చెప్పింది. దాచింది తర్వాతివాళ్ళు" అన్నారు. నేను అత్తగారి వైపే. కానీ ఊరి పేరు, ఇంటిపేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ పాలేరు వంశం వాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఇది తెలుసో లేదో నాకు తెలీదు.

ఇంకో సంగతి. మా మరిది వేసుకున్న టార్టన్ వాళ్ళ నాన్న ఇంటిపేరుది. కుతూహలం కొద్దీ ఆ దారి కూడా కొంచెం ఎక్కాను. మూడు తరాల పైన అక్కడా ఒక పెళ్ళికాని తల్లే ఉంది, కొడుక్కి తన ఇంటిపేరు ఇచ్చింది. అంటే ఆ గళ్ళ గుడ్డ కూడా ఒకావిడ పుట్టింటి పేరుదే. మరిదికి చెప్పాను. సంతోషించాడు, పెళ్ళిలో తన ప్రసంగంలో ఆవిడ పేరు చదివాడు.

1866 పెళ్ళి పత్రానికి మళ్ళీ వస్తాను. తండ్రి పేరు పక్కన పోయాడన్న మాట ఉందన్నాను. తల్లి పేరు పక్కన ఆ మాట లేదు. ఇన్నాళ్ళూ మేమిద్దరం అది గమనించలేదు, పోయిన వారం అత్తగారు వేలు పెట్టి చూపించారు. క్లర్కు మర్చిపోకపోతే, కూతురి పెళ్ళినాటికి ఆవిడ బతికుంది. బతికుంటే 1855 తర్వాతే పోయింది. ఆ తర్వాత పోతే ఆవిడకొక మరణ పత్రం ఉంటుంది, అందులో ఆవిడ ఏ పని చేసిందో, ఎక్కడ పోయిందో, ఎవరు దగ్గరున్నారో ఉంటుంది. ఇక్కడ సూచికలో పెళ్ళైన ఆడవాళ్ళని పుట్టింటి పేరు కిందా వెతకొచ్చు కాబట్టి, ఆవిడ తర్వాత ఎవర్ని చేసుకున్నా ఫర్వాలేదు.

ఆ పేరుకి, ఆ వయసుకి ఇద్దరు తేలారు. ఒకరు మాంట్రోజ్‌లో పోయారు, ఒకరు డండీలో. మాంట్రోజ్ పేజీ తెరిచాం, తల్లిదండ్రులు వేరేవాళ్ళు. డండీ పేజీ తెరవబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అన్నయ్య ఈ వారం పెర్త్ నుంచి వస్తున్నాడట, ఆయన కూడా ఉన్నప్పుడు చూద్దామన్నారు. శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. అకౌంట్‌లో 6 క్రెడిట్లు ఉన్నాయి.